ఫ్లాస్కులో నెత్తురు

1988 మార్చిలో ఒక ఆదివారం. మొయినుద్దీన్ పెట్టుకున్న పనులు రెండే. పొద్దున ఆదోని కొండమీద గద్ద గూడెక్కి పిల్లల నెత్తురు రెండు చుక్కలు తీయడం, మధ్యాహ్నం ఎమ్మిగనూరులో పెళ్లిచూపులకు వెళ్లడం. ఆడగద్ద తన జతను ఎలా ఎంచుకుంటుంది, గూట్లోని పిల్లలు నిజంగా ఆ మగదానివేనా అన్నది అతని పరిశోధన. అది నెత్తురులోని జన్యువులే చెప్పాలి. సాయంత్రం బస్సుకు హైదరాబాదు పంపుదామని నెత్తురును ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టి వెంట తెచ్చుకున్నాడు.

బస్సులో తల్లి మరియంబీ హెచ్చరించింది. "గద్దల మాట ఎత్తొద్దు బేటా. దానివల్లనే రెండు సంబంధాలు పోయినాయి. రక్తపరీక్షల సదువని వీళ్లకు సెప్పినా."

పెళ్లికూతురు షాహిదాబీ తండ్రి రసూల్ సాబ్ మర్యాదస్తుడు. షర్బత్తులోకి ఐసు చాలక, ఫ్లాస్కులో ఐసుందని విని దాని మూతమీద చెయ్యేశాడు.

"వొద్దు మామా, దాంట్లో నెత్తురుంది," అన్నాడు మొయినుద్దీన్.

రసూల్ సాబ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎవరిది?"

"పిల్లలది. పొద్దున్నే తీసినా."

"ఎవరి పిల్లలు?"

"అదే తేలాల. తల్లిని నాలుగేండ్లుగా సూస్తాండా. తండ్రి ఎవరనేదే అనుమానం."

కొడుకును వెనకేసుకొద్దామని మరియంబీ కల్పించుకుంది. "పిల్లోడు మంచోడన్నా. పండగనాడు కూడా కొండకే పోతాడు. అదంటే వానికి ప్రాణం."

"నీకు తెలిసే జరుగుతాండాదా అక్కా?" రసూల్ సాబ్ గొంతు లేచేసరికి ఇరుగుపొరుగు గుమ్మంలో చేరారు. "తండ్రి నువ్వేనని తేల్తే మా షాహిదా గతేందప్పా?"

మొయినుద్దీన్ గీరుకుపోయిన చేతులు అడ్డంగా ఊపాడు. "నేనెట్లయితా మామా? దాని మొగుడు వేరే ఉండాడు. నేను దూరంనుంచి దుర్బిణీలో సూసేటోణ్ణి."

గుమ్మంలో ఎవరో "తోబా" అన్నారు. రసూల్ సాబ్ లేచి నిలబడ్డాడు. మరియంబీ కొంగు కళ్లకు అద్దుకుంది. మూడో సంబంధమూ పోతోంది.

అప్పుడు షాహిదాబీ తెర పక్కకు తీసింది. "అబ్బా, ఆయప్ప సేతులు సూడు. ఆడమనిషి గోర్లు అట్లా గీరుతాయా?" అని మొయినుద్దీన్ వైపు తిరిగింది. "దానికి రెక్కలుండాయా?"

అతను తల్లి వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"ఉండాయి," అన్నాడు. "గద్ద."

గుమ్మంలో పుట్టిన నవ్వు వీధి చివరిదాకా పాకింది. రసూల్ సాబ్ సిగ్గుపడి, షర్బత్తు గ్లాసు తన చేత్తోనే అందించాడు. లోపలికి వెళ్లి అడిగితే కూతురు సరేనంది.

పిల్లలు ఆ మగగద్దవేనని ప్రయోగశాలలో తేలింది. ఆడది దాన్నే ఎందుకు కోరుకుందో మాత్రం తేలలేదు. పెళ్లయిన కొన్నాళ్లకు మొయినుద్దీన్ షాహిదాబీని అడిగాడు. "నన్నేం సూసి ఒప్పుకుంటివి?"

"నాకేం తెలుసు," అందామె, పొయ్యిమీది పప్పు తిప్పుతూ.

గద్దను అడిగినా ఇంతకుమించి చెప్పేది కాదని అతనికి అర్థమైంది.