కుర్చీలు రాలేదన్న ప్రోగ్రాం

ఆ శుక్రవారం ప్రోగ్రామరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి గ్రంథాలయం చేరాలి. తొమ్మిదింటికి యాభై కుర్చీలకు ఆర్డరు పంపాలి. నాలుగింటికి పాఠకుల వార్షిక సభ. సభ బాగా జరిగితే సాయంత్రం మేనేజరుగారు అతని ఉద్యోగం కాగితం మీద సంతకం పెడతారు. ఏడాదికని ఇచ్చిన తాత్కాలికోద్యోగం ఆ రోజుతో ముగుస్తోంది. పర్మనెంటు చేస్తారో, బల్ల ఖాళీ చెయ్యమంటారో చీకటి పడేలోగా తేలిపోతుంది.

"కుర్చీలు మా నాన్న కొట్లోనే తీసుకోండి," అంది భార్య, అతని అన్నం డబ్బా మూత బిగిస్తూ. "మీరేం పని చేస్తారో ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఎవరన్నా అడిగితే 'మా అల్లుడిది తాత్కాలికం' అంటారు. వినేవాళ్లకి అల్లుడే తాత్కాలికమన్నట్టుంటుంది."

"అక్కడికే పంపుతున్నా."

"ఓసారి ఫోన్ చేసి చెప్పచ్చుగా."

"ఫోనెందుకు? ప్రోగ్రాం ఉందిగా," అంటూ అతను చెప్పులేసుకున్నాడు. ఆ ఒక్క ఫోను చేసి ఉంటే ఈ కథ లేదు.

గ్రంథాలయం నుంచి బయటికి వెళ్లే ప్రతి ఉత్తరాన్నీ, ప్రతి ఆర్డరునీ పంపే ప్రోగ్రాం అతనే రాశాడు. ఏ ప్రోగ్రామైనా పని ముగించి వెళ్లిపోతూ ఒక అంకె వదిలి వెళుతుంది. సున్నా అంటే పని అయింది, నిశ్చింతగా ఉండు. ఇంకే అంకె వచ్చినా ఏదో తేడా జరిగినట్టు. అరవై నాలుగంటే నువ్వు అడిగిన తీరే తప్పు. అరవై ఆరంటే చదవమన్న కాగితం కనబడలేదు. డెబ్బై ఏడంటే నీకు అనుమతి లేదు. డెబ్బై అయిదంటే ఇప్పటికి కుదరలేదు, కాసేపాగి మళ్లీ చూడు. ఇవి అతను కల్పించినవి కావు, ఆ వృత్తిలో ముందుతరం వాళ్లు ఏర్పరచినవి. వాటి మీద అతనికి ఎంత గురి అంటే, ఇంట్లో కూడా వాడేవాడు. కూర ఎలా ఉందని భార్య అడిగితే "సున్నా" అనేవాడు. పెళ్లయిన కొత్తలో ఆ మాటకి ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

కిందటి నెల ఈ ప్రోగ్రామే అతని పరువు తీసింది. అందులో ఆఖరి పంక్తి, 'పని అయిపోయింది' అని చిట్టాలో రాసుకోవడం. రాసుకోవడం ప్రతిసారీ చక్కగా జరిగేది కనుక, అసలు ఉత్తరం వెళ్లినా వెళ్లకపోయినా సున్నాయే వచ్చేది. పుస్తకాలు తిరిగివ్వమంటూ మూడు వందల మందికి పోవలసిన ఉత్తరాలు మూడు వారాలు గడప దాటలేదు. మేనేజరుగారు అతన్ని నిలబెట్టి దులిపేసింది.

"తెలీకపోతే తెలీదని చెప్పించవయ్యా. సున్నా అని మాత్రం అబద్ధమాడించకు."

దెబ్బతిన్నవాడు కనుక ఈసారి జాగ్రత్త కాస్త ఎక్కువైంది. అవతలివాళ్లు 'అందింది' అని తిరిగి రాస్తే తప్ప ఇప్పుడు ప్రోగ్రాం సున్నా అనదు. జవాబు లేకపోతే డెబ్బై అయిదు అంటుంది, అరగంటాగి అదే ఉత్తరం మళ్లీ పంపుతుంది. అతని దృష్టిలో ఇంతకంటే నిజాయితీ గల ప్రోగ్రాం లేదు.

అతని మామగారికి మాత్రం ముప్పై ఏళ్లుగా ఒక నియమం ఉంది. ఆర్డరు వస్తే జవాబు రాయడు. కుర్చీలు అడిగినవాడికి కుర్చీలే జవాబు అంటాడు. మిగతా కొట్లవాళ్లు పంపుతామని రాసి పంపరని, తను రాయకుండా పంపుతాడని ఆయన గర్వం. ఈ సంగతి ఊళ్లో కుర్చీ అద్దెకు తీసుకున్న ప్రతివాడికీ తెలుసు, అల్లుడికి తప్ప.

తొమ్మిదింటికి ఆర్డరు వెళ్లింది. డెబ్బై అయిదు వచ్చింది. తొమ్మిదిన్నరకి మళ్లీ డెబ్బై అయిదు. ప్రోగ్రామరు పెద్దగా కంగారు పడలేదు. పదింటికి మూడోసారి అదే అంకె వచ్చేసరికి కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. అతని గది రెండో అంతస్తులో వెనక వైపు, ఒకప్పుడు పుస్తకాలకి అట్టలు వేసిన గది. కిటికీ లేదు, జిగురు వాసన ఇంకా పోలేదు. అందులో కూర్చుంటే వీధిలో ఏం జరిగినా తెలియదు.

పదీ పదికి వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చాడు.

"కుర్చీలొచ్చాయి సార్. యాభై. హాల్లో వేయించమంటారా?"

ప్రోగ్రామరు తెర వైపు చూశాడు. "రాలేదు."

"కింద దింపారు సార్. నేనే లెక్కపెట్టా."

"డెబ్బై అయిదు చూపిస్తోంది. అంటే ఆర్డరే వెళ్లలేదు. వెళ్లని ఆర్డరుకి కుర్చీలెలా వస్తాయి?"

వాచ్‌మన్ ఇరవై ఏళ్ల నుంచి చదువుకున్నవాళ్ల మధ్య పనిచేస్తున్నవాడు, వాదించడం మానేసి చాలా కాలమైంది. "మరి ఆ ఉన్నవి?"

"పక్కన పళ్ల డాక్టరుగారివో, సంగీతం బడివో అయ్యుంటాయి. పొరపాటున ఇక్కడ దింపేశారు. లోపలికి తేకండి. రేపు మన మీదికొస్తుంది. బయటే ఉంచండి, వాళ్లే పట్టుకుపోతారు."

వాచ్‌మన్ కిందికి వెళ్లి, చిందరవందరగా ఉంటే చూడ్డానికి బాగోదని, కుర్చీలన్నీ వీధిలో చెట్ల నీడన, గ్రంథాలయం మెట్లకి ఎదురుగా వరసలుగా వేయించాడు. అరగంట తరవాత ఇంకో యాభై వచ్చాయి. అవీ వేయించాడు. పైకెళ్లి చెప్పినా డెబ్బై అయిదే వినిపిస్తుందని తెలిసి, మళ్లీ మెట్లెక్కలేదు.

అక్కడ మామగారి కొట్లో ప్రింటర్లోంచి అరగంటకొక కాగితం బయటపడుతోంది. మొదటి యాభైకి ఆయన సంతోషించాడు. రెండో యాభైకి ఆశ్చర్యపోయాడు. నాలుగోదానికి కొట్లో కుర్చీలు అయిపోయాయి. ఇంకొకడైతే ఫోను చేసి, ఇన్నెందుకని అడిగేవాడు. అల్లుడు మొట్టమొదటిసారి అడిగాడు, లేవని ఎలా చెప్పడం? ఫోను బల్ల మీదే వదిలేసి వ్యానెక్కి, తెలిసిన ప్రతి గుమ్మం తట్టడం మొదలుపెట్టాడు. ఆ ఫోనుకి అల్లుడు పదకొండుసార్లు చేశాడు, ఎవరూ ఎత్తలేదు.

పన్నెండున్నరకి ప్రోగ్రామరు ఇంటికి ఫోన్ చేశాడు. భార్య కుట్టుమిషను ఆపి ఎత్తింది.

"మీ నాన్న కుర్చీలు పంపలేదు. నా ఉద్యోగం పోయేట్టుంది. మనింట్లోవీ, పక్కింటివీ ఏమున్నా పట్టుకొచ్చెయ్యి."

"ఆయన పంపకపోవడమేంటి? ఫోన్ చేశారా?"

"ఎత్తట్లేదు. నేనంటే అంత చులకన."

భార్య చెప్పులేసుకుని బయల్దేరింది. ఇరుగుపొరుగు ఇళ్లలో పన్నెండు కుర్చీలు, ఒక ముక్కాలిపీట సంపాదించి, తోపుడుబండి మీద వేయించుకుని రెండుంబావుకి గ్రంథాలయం చేరింది. వీధి మలుపులోనే ఆగిపోయింది. ఎక్కడ చూసినా కుర్చీలే. వాటిలో సగానికి పైగా మనుషులున్నారు.

మొదట ఎవరో ముసలాయన కాళ్లు నొప్పెట్టి కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఇద్దరు కూర్చున్నారు. తరవాత వచ్చినవాళ్లు, ఇంతమంది కూర్చున్నారంటే ఎవరో గొప్పవాళ్లు వస్తున్నారని కూర్చున్నారు. ఎవరొస్తున్నారని అడిగితే ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించాడు. ఒంటిపూట బడి వదిలాక టీచర్లొచ్చారు, బస్సు తప్పినవాళ్లొచ్చారు. ముందు వరసలో చోటు కోసం చిన్న గొడవ కూడా జరిగింది.

భార్య రెండంతస్తులెక్కి తలుపు తోసింది. అతను మోచేతులు బల్ల మీద ఆనించి తెర వంక చూస్తున్నాడు.

"పదకొండోసారి కూడా రాలేదు," అన్నాడు.

"కుర్చీ వెనక ఎర్ర రంగుతో మూడు గీతలుంటే ఎవరిది?"

"మీ నాన్నది."

"కింద రెండొందలున్నాయి, మూడు గీతలవి. మిగతావి ఎక్కడెక్కణ్ణుంచి తెచ్చారో మరి. లేచి రండి."

అతను ప్రోగ్రాం ఆపి, కిందికి వెళ్లి వీధి చూశాడు. పదకొండు సార్లు యాభై ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టవలసిన పనిలేదు, ఎదురుగానే ఉంది. సరిగ్గా అప్పుడే పదకొండో వ్యాను వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి మామగారు దిగాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది, మొహం వెలిగిపోతోంది.

"ఏమండీ అల్లుడుగారూ, చాలా, ఇంకా కావాలా? ఈ వ్యాన్లోవి మంగలి కొట్లవి. తిరుగుతాయి, కానీ గట్టివి."

"మామయ్యగారూ, మీరు అందిందని ఒక్క ముక్క రాసుంటే..."

"రాయడమెందుకు? పంపాగా." ఆయన అల్లుడి భుజం తట్టాడు. "పైకి చెప్పుకోరు గానీ మీది పెద్ద ఉద్యోగమే. అరగంటకి యాభై చొప్పున జనం పెరుగుతున్నారంటే మాటలా? అద్దె సంగతి ఎత్తారంటే ఊరుకోను. ఇది మనింటి సభ."

ప్రోగ్రామరుకి ఏడుపొక్కటే తక్కువ. నిజం చెబుదామని నోరు తెరిచేలోగా, ఏర్పాట్లు చూసుకుందామని ముందే బయల్దేరిన మేనేజరుగారి కారొచ్చింది. అందులో గ్రంథాలయాల డైరెక్టరుగారు, ఆ రోజు ఉపన్యాసమివ్వబోయే శాస్త్రవేత్త ఉన్నారు. ఆ శాస్త్రవేత్త ముప్పై ఏళ్లు గోడల మీది నాచు గురించి పరిశోధించినవాడు. కిందటేడు ఇదే సభకి ఏడుగురొచ్చారు, అందులో ఇద్దరు వాన తగ్గేదాకా నిలబడ్డవాళ్లు. ఈసారి కూడా అంతే అయితే సభల హాలు మూసేద్దామని డైరెక్టరుగారు దారి పొడుగునా చెబుతూ వచ్చాడు.

కారు వీధిలోకి రాలేక మలుపులోనే ఆగింది. మేనేజరుగారు దిగి, జనాన్ని తోసుకుంటూ మెట్ల దాకా వచ్చింది.

"ఎవరు చేశారిదంతా?"

"తప్పు నాదే మేడమ్," అన్నాడు ప్రోగ్రామరు. దాచిపెట్టే ఓపిక లేదు. "పని ప్రతిసారీ అయింది. కాలేదు, మళ్లీ చూడమని ప్రోగ్రాం చెప్పింది."

"కిందటి నెల కాని పనిని అయిందంది."

"అవును మేడమ్."

"ఈ నెల అయిన పనిని కాలేదంటోంది."

"అవును మేడమ్. బల్ల ఖాళీ చేసేస్తాను."

ఆవిడ జనం వైపు తిరిగింది. శాస్త్రవేత్త నాలుగింటిదాకా ఆగలేక అప్పటికే మెట్ల మీద వేసిన మంగలి కుర్చీలో కూర్చుని మైకు అందుకున్నాడు. అయిదు వందల మంది ఎదురుగా మాట్లాడడం ఆయనకి జీవితంలో అదే మొదలు. సంతోషం పట్టలేక కుర్చీతో సహా అటూ ఇటూ తిరుగుతూ నాచు గురించి చెబుతుంటే, జనంలో ఒక్కరూ లేవలేదు. కుర్చీలు సౌకర్యంగా ఉన్నాయి, నీడ ఉంది, లేస్తే చోటు పోతుంది. ఆఖర్న ప్రశ్నలు కూడా వేశారు.

డైరెక్టరుగారు మేనేజరుగారి వైపు వంగాడు. "ఈ ఏర్పాట్లు చూసిన కుర్రాడు మనవాడేనా?"

"ఇవాళ్టిదాకా."

"పోనివ్వకండి."

సభ ముగిశాక ప్రోగ్రామరు ఆవిడ గదిలోకెళ్లి, వెంటనే ప్రోగ్రాం సరిచేస్తానన్నాడు. ఆవిడ కళ్లజోడు తీసి అతన్ని చూసింది.

"అందులో ఒక్క అక్షరం ముట్టుకున్నావంటే ఊరుకోను. ఇన్నాళ్లకి ఒక పని సవ్యంగా చేసింది. నువ్వు ఇంటికెళ్లు, నీ ఉద్యోగం ఆర్డరు దాంతోనే పంపిస్తా."

డెబ్బై ఏడు, అనుకున్నాడు అతను. అనుమతి లేదు. ఇంటిదాకా నడుస్తూ రెండుసార్లు తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం అత్తవారింట్లో విందు. ఆరింటికి అతని ఫోనుకి నియామకపు ఉత్తరం వచ్చింది. మామగారు ఫోను లాక్కుని, ఇంటిల్లిపాదీ వినేలా పైకి చదివాడు. 'పర్మనెంటు' అన్న మాట ఇంకా గట్టిగా చదివాడు. అల్లుడు ఫోనందుకుని 'అందింది' అని రాయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"జవాబు రాయకండి. సోమవారం పొద్దున్న వెళ్లి కుర్చీలో కూర్చోండి, అదే జవాబు."

పెద్దాయన ముచ్చట కాదనలేక అల్లుడు ఫోను ఆయనకే వదిలేశాడు.

ఎనిమిదింటికి భోజనాలకి లేచేలోగా, అరగంటకో ఉత్తరం చొప్పున, ఆయన అల్లుడు అయిదుసార్లు పర్మనెంటయ్యాడు.