అరవై నాలుగు ఆమెన్లు

ఆ శుక్రవారం పొద్దున్నే హెప్సిబా గుడ్డసంచీ సర్దుతోంది. అడుగున రెండు కిలోల రాగిపిండి, దాని మీద చెనక్కాయల పొడి డబ్బా, ఆ పక్కన నిమ్మకాయ ఊరగాయ సీసా. సీసా మూత బిగించి, కవరు చుట్టి, దారం కట్టింది. మళ్లీ దారం విప్పి మూత సరిగా బిగిసిందో లేదో చూసింది. సంచీ జహీర్‌కి. సాయంత్రం నాలుగున్నరకు ప్రొద్దుటూరులో బస్సెక్కి చెన్నై పోతాడు. తెల్లారి విమానంలో కువైట్ పోతాడు.

తాను సంచీ సర్దిచ్చినవాళ్లు తిరిగి రారని హెప్సిబా భయం. ఆ భయానికి ఆధారాలు బైబిలు చివరి ఖాళీ పేజీలో సిరాతో రాసి ఉన్నాయి. తమ్ముడు డేవిడ్, బొంబాయి, 4-6-1988. స్నేహితురాలు ఎస్తర్, పెండ్లయి బళ్లారికి, 12-5-1993. ఇంటాయన, వేలూరు ఆస్పత్రికి, 19-1-2011. వాటి కింద ఆ పొద్దున ఇంకో పేరు రాసింది. జహీర్, కువైట్, 23-8-2024. సిరాతో రాయడానికి చెయ్యి రాక పెన్సిలుతో రాసింది.

ఆమె పని చేసేది జమ్మలమడుగులోని కృపా విద్యా సొసైటీ ఆఫీసులో. అక్కడ ఆమె సూపరింటెండెంటు. సొసైటీకి జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో, పులివెందులలో ఒక్కో బడి ఉంది. మొత్తం సిబ్బంది అరవై నలుగురు. అందరి మెయిళ్లనూ మోసే సర్వరు ఆఫీసు స్టోరు గదిలో, సుద్దముక్కల పెట్టెల వెనక నల్లగా కూర్చుని ఉంటుంది. అయిదేళ్లుగా దాన్ని చూసుకున్నది జహీర్. వాడు పోతానన్నప్పుడు సెక్రటరీ ఆనందయ్య సారు కొత్త మనిషి కోసం వెతకలేదు. "హెప్సిబమ్మా, నువ్వు నేర్చుకో," అన్నాడు. ఆమె నెల రోజులు వాడి పక్కన కుర్చీ వేసుకుని వాడు చెప్పిందల్లా తెలుగులో ఒక నోటుబుక్కు నిండా రాసుకుంది. ఎర్రగీతలు కూడా కొట్టుకుంది.

ఆనాటి పథకం చిన్నదే. తొమ్మిదింటికి ఆఫీసుకు పోవాలి. పన్నెండో పేజీలో రాసుకున్న ప్రకారం, పోయే మనిషి పాస్‌వర్డ్ మొట్టమొదట తీసేయాలి. జహీర్ కోసం ప్రార్థించమని అందరికీ ఒక మెయిల్ పెట్టాలి. సంచీని ఎవరి చేతనైనా ప్రొద్దుటూరు పంపాలి. తాను మాత్రం బస్టాండుకు పోకూడదు. ఎవరినీ సాగనంపడానికి ఆమె బస్టాండుకు పోదు.

పాస్‌వర్డ్ తీసేసింది. తర్వాత మెయిల్ రాసింది. "మన జహీర్ ఈరోజు కువైట్ పోతున్నాడు. క్షేమంగా పోయి క్షేమంగా రావాలని ప్రార్థన చేయండి." ఉత్తరం బోసిగా ఉందనిపించి, వీడ్కోలు సభలో ఆనందయ్య సారు తన కొత్త ఫోనుతో తీసిన గ్రూపు ఫోటోను మధ్యలో అతికించింది. శానా మంచి ఫోటో. అందరి ముఖాలూ, వెనక గోడ మీది బల్లి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. తొమ్మిది ఎంబీలు.

ఆనందయ్య సారుకు ఒక నియమం ఉంది. ఆఫీసు మెయిల్ రాగానే ప్రతివాళ్లూ జవాబు ఇవ్వాలి. ఆ జవాబు అందరికీ పోవాలి. ఎవరు చూశారో ఎవరు చూడలేదో అందరికీ తెలియాలి. ఇవ్వనివాళ్లకు మెమో. మామూలుగా అయితే "చూసితిని" అని రాసి పడేసేవాళ్లు. ఇది ప్రార్థన. ప్రార్థన విని ఊరుకునే అలవాటు ఆ సొసైటీలో ఎవరికీ లేదు. మొదట పులివెందుల హెడ్‌మిస్ట్రెస్ దీవెనమ్మ "ఆమెన్" అంది. ప్రొద్దుటూరు ఉర్దూ టీచరు జైబున్నీసా "ఆమీన్" అంది. లెక్కల మాస్టరు "తథాస్తు" అన్నాడు. పది గంటలు కాకముందే, హెప్సిబా తన మెయిల్‌కు తానే చెప్పుకున్న ఆమెన్‌తో కలిపి, అరవై నాలుగు జవాబులూ వచ్చేశాయి. ఒక్కో జవాబు అరవై నాలుగు మెయిల్ పెట్టెలకు పోయింది. ప్రతి జవాబు కడుపులోనూ ఆ ఫోటో, ఆ బల్లి.

పది దాటిన కాసేపటికి సర్వరు ఆగిపోయింది.

పదింబావుకు జహీర్ ఫోన్ చేశాడు. "మేడం, వీసా పేపరు మెయిల్ వచ్చినాదా? పదింటికి పంపినామంటాండారు కువైట్ వాళ్లు."

"మన అడ్రసుకా నాయనా?"

"అవును మేడం. సొంత అడ్రసు కంటే ఆఫీసు అడ్రసు ఇస్తే మర్యాదగా ఉంటాదని దరఖాస్తులో అదే రాసినా. ఆ పేపరు చేతిలో లేకుంటే చెన్నైలో నన్ను విమానం ఎక్కనీరు."

"ఇంగో అడ్రసుకు పంపమనరాదా?"

"శుక్రవారం గదా మేడం, ఆడ సెలవు. పేపరు పంపే ఆయప్ప ఇంట్లోంచి పంపి ఫోను ఆపేసి పండుకున్నాడు. నేను సర్వరులోకి పోయి చూద్దామంటే నా పాస్‌వర్డ్ పని చేస్తాలేదు."

"నేనే తీసేసినా," అంది హెప్సిబా నీరసంగా. కొత్తది ఇద్దామని కూర్చుంటే సర్వరు దాన్ని రాసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు.

సంగతి తెలిసి ఆనందయ్య సారు ఊరికే కూర్చోలేదు. కడప నుంచి తన తమ్ముడి అల్లుడు పాల్ రాజు నిన్ననే అత్తగారింటికి వచ్చి ఉన్నాడు. కంప్యూటర్ ఎక్స్‌పర్టు. పదకొండింటికి నల్లకళ్లద్దాలతో వచ్చి, సర్వరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీన్ని ఎవురు ముట్టుకున్న్యారు?" అని అడిగాడు. అందరూ హెప్సిబా వైపు చూశారు.

పాల్ రాజు సర్వరును ఆపి మళ్లీ ఆన్ చేశాడు. అది లేవడానికి అరగంట పట్టింది. లేచాక కాస్త ఊపిరి తీసుకున్నట్టు కనిపించింది. "చూసినారా?" అన్నాడు పాల్ రాజు. ఆ సందులో ఆనందయ్య సారు ముందుకు వంగి, "ఇప్పుడే అందరికీ చెప్పు హెప్సిబమ్మా, ఇంగ ఎవురూ ఆమెన్ పెట్టొద్దని," అన్నాడు. కంగారులో ఆమె పొద్దుటి మెయిల్ మీదనే జవాబు నొక్కి అలాగే రాసింది. ఫోటో కూడా దానితో పాటే పోయింది. నియమం ప్రకారం అందరూ జవాబిచ్చారు. సగం మంది "చూసితిని" అన్నారు. మిగతావాళ్లు ఆమెన్ అన్నారు.

సర్వరు మళ్లీ కూలబడింది. అదే సమయానికి పులివెందుల నుంచి దీవెనమ్మ ఫోను.

"ఏమ్మే హెప్సిబా, నా ఆమెన్ పోయిందా లేదా? తిరిగొచ్చిందని చూపిస్తాంది. నాలుగు సార్లు పంపినా."

"నీ ఆమెన్ దేవుని కాడికి ఎప్పుడో పోయింటాది అక్కా. సర్వరు కాడనే ఇరుక్కున్యాది. ఇంగ పంపగాకు, నీకు దండం పెడతా."

"అంటే, ఆ పిల్లోడు క్షేమంగా పోవొద్దా?"

పన్నెండింటికి పాల్ రాజు కళ్లద్దాలు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "ఇది లోపలంతా పాడైపోయినాది. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాల. రేపటికి అయితాది. నేను టీ తాగొచ్చి మొదలుపెడతా. అంతవరకు ఎవురూ చెయ్యి పెట్టగాకండి." మెట్లు దిగి బజారు వైపు పోయాడు.

హెప్సిబా నోటుబుక్కు తెరిచింది. ముప్పై ఒకటో పేజీ. "మెయిల్ నిలిచిపోతే మొదట చూడాల్సింది, లోపల చోటు ఉందా?" అక్కడ రాసుకున్న అక్షరాలు ఒక్కొక్కటీ కొట్టింది. నూటికి నూరు నిండి ఉంది. ఆమె కాగితం మీద లెక్క వేసింది. అరవై నాలుగు ఆమెన్లు, అరవై నాలుగు పెట్టెలు. నాలుగు వేల తొంభై ఆరు ఫోటోలు. నాలుగు వేల తొంభై ఆరు బల్లులు. తప్పు తనదేనని అప్పుడు అర్థమై, కొంగుతో ముఖం తుడుచుకుంది.

నలభై నాలుగో పేజీలో జహీర్ మాటలు ఉన్నాయి. "బయటోళ్ల మెయిల్ మనం తీసుకోలేకుంటే అది పోదు మేడం. తర్వాత రా అని చెప్తాది మన సర్వరు. వాళ్ల సర్వరు మళ్లీ వచ్చి తలుపు తడతాది. ప్రతిసారీ రెట్టింపు సేపు ఆగి వస్తాది." పోయింది మళ్లీ వస్తుందన్న ఆ ముక్క ఎంత నచ్చిందో, ఆనాడు దాని కింద రెండు గీతలు కొట్టుకుంది. ఎవరెవరు తలుపు తట్టారో రాసి ఉండే చిట్టా తెరిచింది. కువైట్ పదీ పదికి వచ్చింది. పదీ నలభైకి వచ్చింది. పదకొండూ నలభైకి వచ్చి, మళ్లీ తలుపు మూసి ఉంటే తిరిగిపోయింది. అరగంట, తర్వాత గంట. ఇక రెండు గంటలు. అంటే ఒకటీ నలభైకి వస్తుంది. అది తప్పితే నాలుగు గంటల తర్వాత, అయిదూ నలభైకి. బస్సు నాలుగున్నరకే పోతుంది.

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఏమీ చేయకపోతే చాలు. పాల్ రాజు చెయ్యి పెట్టొద్దనే అన్నాడు. జహీర్ పోడు. పెన్సిలు గీత తుడిచేసుకోవచ్చు. మూలనున్న సంచీ వైపు చూసింది. ముప్పై ఆరేళ్ల కింద తమ్ముడు డేవిడ్ పోకుండా ఉండాలని ఆమె వాడి చెప్పులు గాదెలో దాచింది. వాడు వట్టి కాళ్లతో పోయాడు.

హెప్సిబా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పాల్ రాజు వచ్చేదాకా ఆగు హెప్సిబమ్మా," అన్నాడు ఆనందయ్య సారు. ఒంటి గంట దాటుతోంది.

"ఆయప్ప టీ తాగను ఊటీకి పోయినట్టుండాడు సార్. మీరు ఈ బుక్కు పట్టుకోండి. నేను కొట్టింది, ఈడ రాసింది ఒకటేనా కాదా చూడండి."

మొదట యాభై రెండో పేజీ. అందరికీ అనే గుంపు చిరునామాలోంచి అరవై మూడు పేర్లు తీసేసి తన పేరు ఒక్కటే ఉంచింది. ఇక ఎవరు ఆమెన్ అన్నా ఆమె ఒక్కదానికే వస్తుంది. తర్వాత యాభై అయిదో పేజీ, మూడు ఎర్రగీతలది. "ఒక్క అక్షరం తప్పితే అందరివీ పోతాయి." ఆ రోజు ఆ ఫోటోను మోసుకొచ్చిన ఉత్తరాలను మాత్రమే ఏరి పారేయాలి. ఆమె ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టింది. ఆనందయ్య సారు నోటుబుక్కును ముక్కు దగ్గర పెట్టుకుని "ఊఁ, ఊఁ" అన్నాడు. చివరి మీట నొక్కేటప్పుడు ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

కళ్లు తెరిస్తే ఒకటీ ఇరవై అయిదు. నూటికి నూరు ఉన్నది ముప్పై ఎనిమిదికి దిగింది. సర్వరు పాతరోజుల్లాగా మెల్లగా గురక పెడుతోంది.

జహీర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. జుమ్మా నమాజులో ఉన్నాడు. ఒకటీ నలభై అయింది. ఏమీ రాలేదు. నలభై ఒకటి అయింది. హెప్సిబా గోడ గడియారాన్ని నమ్మక చేతి గడియారం చూసుకుంది. నలభై రెండుకు చిట్టాలో ఒక కొత్త వరుస కనిపించింది. కువైట్. తీసుకోబడినది.

"ఆమెన్!" అని అరిచాడు ఆనందయ్య సారు.

"నోటితో అంటే శాలు సార్," అంది హెప్సిబా. "మెయిల్‌లో మాత్రం పెట్టగాకండి."

పేపరును జహీర్ ఫోనుకు పంపింది. ఫోన్ల మీద నమ్మకం లేక ప్రింటు కూడా తీసింది. ప్రింటును మడవకుండా అట్టలో పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని, రెండున్నర బస్సుకు తానే ప్రొద్దుటూరు పోయింది. బస్టాండులో పెట్టె పక్కన నిలబడి ఉన్న జహీర్ ఆమెను చూసి నోరు తెరిచాడు.

"మేడం, మీరా! బస్టాండుకా!"

"పేపరు ఈ అట్టలో ఉండాది. ఊరగాయ సీసా తలకిందులు చేయగాకు."

"పాల్ రాజు సారు బాగుచేసినాడంటనే?"

"ముప్పై ఒకటో పేజీ బాగుచేసింది. ఆయప్ప టీకి పోయినాడు."

జహీర్ నవ్వాడు. "ఫోటోలకు సైజు కట్టడి పెట్టింటే ఇదంతా వచ్చేది కాదు మేడం. నేనే మర్చిపోయినా."

"పెట్టేసొచ్చినా. ఇంగ ఒక ఎంబీ దాటితే మన గడప తొక్కనీను."

బస్సు కదిలింది. ఆమె చెయ్యి ఊపింది. మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

ఆ తర్వాత సర్వరు ఒక్కరోజు కూడా ఆగలేదు. ప్రొద్దుటూరు, పులివెందుల బళ్ల నుంచి ఎవరికి మెయిల్ ఇరుక్కున్నా "హెప్సిబా మేడంని అడుగు" అనడం మామూలైంది. ఆనందయ్య సారు తన నియమాన్ని తానే రద్దు చేసుకుని, ఆ సంగతి కాగితం మీద రాసి గోడకు అంటించాడు.

మరుసటి ఏడు జూన్ రెండో తేదీన, బక్రీదుకు అయిదు రోజుల ముందు, జహీర్ ఖర్జూరాల డబ్బా పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. కొంచెం లావెక్కాడు. నేరుగా స్టోరు గదికి పోయి సర్వరు మీద చెయ్యి పెట్టాడు.

"పాస్‌వర్డ్ చెప్పండి మేడం, ఒకసారి లోపల చూస్తా."

"చెప్పను."

"నేను పెట్టిన సర్వరు మేడం ఇది!"

"పోయినోళ్లకు పాస్‌వర్డ్ ఉండదు నాయనా. పన్నెండో పేజీ. నువ్వే రాయించినావు."

ఆ సాయంత్రం హెప్సిబా ఇంటికి పోయి, బైబిలు చివరి పేజీ తెరిచి, పెన్సిలుతో రాసిన పేరును రబ్బరుతో తుడిచేసింది. ఖాళీ అయిన చోట, ఈసారి సిరాతో, నిబ్బరంగా ఒక వరుస రాసింది.

పాల్ రాజు, టీ తాగడానికి, 23-8-2024 మధ్యాహ్నం పన్నెండుకు. రాలేదు.