సోఫా ఎక్కిన ఆట

ఆ జిల్లాలో లాక్రాస్ ఆటను శ్రద్ధగా చూసినవాళ్ళకు ఆట వచ్చేస్తుంది, ఆడినవాళ్ళ దగ్గర్నుంచి పోతుంది. ఇందులో వింతేమీ లేదు. కర్ర చివర చిన్న వల ఉంటుంది, దానితో బంతిని పట్టి, పరుగెత్తి, గోల్లోకి విసరాలి. ఎవరైనా రెప్పవేయకుండా చూశారంటే ఆ విసురు సాయంత్రానికల్లా వాళ్ళ చేతిలో ఉంటుంది. అందుకే జిల్లా సంఘం వారు మైదానం గట్టున సోఫాలు వేయించి, వాటిలో ఎవరెవరు కూర్చోవాలో తీర్మానం చేసుకున్నారు. ఆడేవాళ్ళకు తీర్మానం అక్కర్లేదు, ఎండలో నిలబడితే చాలు.

మైలపల్లి నూకరత్నానిది రేవు పక్క పేట. తల్లి ఎర్రయ్యమ్మ చేపల గంప మోస్తుంది. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే క్రీడాకారుల కోటాలో పోలీసు ఉద్యోగానికి వెళ్ళొచ్చు, తల్లి నెత్తి మీది గంప దించొచ్చు. ఆ పిల్లకు కావలసింది అంతే.

సంఘం అధ్యక్షుడి కూతురు తన్వితకు కూడా ఆ జట్టులోనే చోటు కావాలి. ఆమె సాధనంతా సోఫాలోనే. జీడిపప్పు ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, పాపం, ఎంతో శ్రద్ధగా చూసేది. ఒకరోజు నూకరత్నం ఎడమవైపు తిరగబోతే మలుపు లేదు. ఇంకోరోజు పరుగులో సగం లేదు. తెల్లవారుతూనే, చూసేవాళ్ళు రాకముందే వచ్చి, పోయినదాన్ని మొదటినుంచి నేర్చుకునేది. సాయంత్రానికి అదీ సోఫా ఎక్కేసేది. దీన్ని దొంగతనం అనరు. దొంగతనమైతే పోలీసులు రావాలి, ఆ పోలీసు ఉద్యోగం కోసమే కదా ఆ పిల్ల ఏడుపంతా.

కోచ్ సన్యాసిరావుకి చెప్పుకుంది.

"ఊరుకోమ్మా. సోఫాల్లో ఆలు సూడకపోతే మన ఆటకి గౌరవం ఏటుంటాది?" అన్నాడాయన. ఒకప్పుడు ఆయనా ఆడినవాడే. ఇప్పుడు తల వంచుకుని విజిల్ ఊదడం ఒక్కటే మిగిలింది.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి కావాలనే తప్పులాడింది. బంతి జారవిడిచింది, గోల్ పక్కకు విసిరింది, తన కాలు తనకే తగిలి బోర్లా పడింది. తన్విత ఆ తప్పులన్నీ శ్రద్ధగా చూసి పట్టుకుపోయింది. నూకరత్నం ఒంట్లో తప్పన్నదే మిగల్లేదు.

ఎంపిక పోటీల రోజున ఆ పిల్ల ఆడిందీ, అదీ ఆటంటే! వలలో పడ్డ బంతి గోల్లో తప్ప ఇంకెక్కడా దిగలేదు. తన్విత కర్ర ఎత్తినప్పుడల్లా బంతి నేలపాలే. సెలెక్టర్లు ముగ్గురూ జీడిపప్పు మరిచిపోయి మరీ నూకరత్నాన్నే చూశారు.

సాయంత్రం రాష్ట్ర జట్టులో తన్విత పేరు చదివారు. నూకరత్నం పేరు చదవలేదు.

"నా పేరేదండీ?" అని సోఫాల ముందుకెళ్ళి అడిగింది.

అధ్యక్షుడు ఓపిగ్గా వివరించాడు. "సెలెక్టర్లు నిన్నే చూశారమ్మా, రెప్పవేయకుండా. నీ ఆటంతా ఇప్పుడు వాళ్ళ దగ్గరుంది. నీ దగ్గర ఏముందని ఎంపిక చేయమంటావు? మా అమ్మాయిని ఒక్కరూ చూడలేదు. తన ఆట తన దగ్గరే ఉంది, చెక్కుచెదరలేదు."

నూకరత్నం కర్ర చేతిలోకి తీసుకుంది. ఎలా పట్టుకోవాలో తెలియలేదు. గట్టు మీద అరవై దాటిన సెలెక్టరొకాయన బొజ్జ పట్టుకుని ఆమె ఎడమ మలుపు తిరిగి చూసుకుంటున్నాడు, మురిసిపోతున్నాడు.

"నీకేమ్మా, కష్టపడే ఒళ్ళు. మళ్ళీ నేర్చేసుకుంటావు," అన్నాడు అధ్యక్షుడు. "రేపట్నుంచి జట్టుకు శిక్షణ. వాళ్ళు చూడాలంటే ఎవరో ఒకరు ఆడాలి కదా. తప్పకుండా రా."

ఇంట్లో సంగతి వినగానే ఎర్రయ్యమ్మ గంప విసిరికొట్టింది. "ఆల కళ్ళు పేలిపోనూ! రేపు నువ్వెల్లకే!"

"నానెల్లకపోతే ఇంకో పిల్లని తెత్తారమ్మా. ఎల్తే, వొచ్చే ఏడన్నా..."

తల్లి లేచింది. గంప తెచ్చి యథాస్థానంలో పెట్టింది.

తెల్లవారుతూనే నూకరత్నం మైదానంలో ఉంది. కర్ర ఎలా పట్టుకోవాలన్న దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఎండెక్కేసరికి బాగానే విసురుతోంది. అప్పుడు సంఘం మనుషులొచ్చి సోఫాలు దులిపి, తుడిచి, వరసగా వేశారు. ఈసారి రెండు కొత్తవి కూడా వచ్చాయి.