సొంత ఫ్లెక్సీలో బెత్తెడు చోటు

సోమవారం పొద్దున పరమేష్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి రెండు మాటలు వల్లె వేస్తున్నాడు. ఒకటి, నౌకరీ మానేస్తున్నానని. రెండు, బస్టాండు దగ్గరి షట్టర్ కిరాయికి ఇమ్మని. రెండూ ఒకే మనిషికి, ఒకే విడతలో చెప్పాలి. ఆ మనిషి ఇబ్రహీంపట్నంలో ప్లాట్ల వెంచర్లు వేసే నారయ్య. తొమ్మిదేళ్ళుగా పరమేష్ ఆయన దగ్గర, వచ్చినవాళ్ళను కారెక్కించుకుని ప్లాట్లు చూపించే పని చేస్తున్నాడు. సాయంత్రాలు, ఆదివారాలు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ ఫ్లెక్సీలు తయారుచేస్తాడు. ఈ ఏడాది ఆ గిరాకీ పెరిగింది. ఇక దానిమీదే బతకొచ్చని భార్య రమ తేల్చేసింది.

దుకాణానికి పనికొచ్చే షట్టర్ ఊరంతా వెతికినా అదొక్కటే ఖాళీగా ఉంది. నారయ్య మొహం మాడ్చుకున్నాడంటే అటు నౌకరీ పోతుంది, ఇటు దుకాణమూ రాదు. అందుకే పరమేష్ మాటమాటా తూచుకుంటున్నాడు.

అయితే రమ తమ్ముడు బాలేష్, బావను సంతోషపెడదామని, అతనికి చెప్పకుండానే ఆదివారం సాయంత్రం తుక్కుగూడలో ఫ్లెక్సీ వేయించి ఊరి చౌరస్తాలో కట్టేశాడు. గురువారం పరమేష్ ఫ్లెక్సీ షాపు ప్రారంభం, బస్టాండు ఎదురుగా నారయ్య షట్టర్లో, అని పెద్ద అక్షరాలు. కింద శుభాకాంక్షలు తెలిపేవారి ఫోటోలు నలభై ఆరు. ఈ చుట్టుపక్కల ఫ్లెక్సీ అంటే శుభాకాంక్షలు కాదు, హాజరు పట్టీ. బాలేష్ తన స్నేహితులందరికీ హాజరు వేశాడు. నారయ్యను మరిచాడు.

పరమేష్ చెప్పులు వేసుకుంటుండగా నారయ్య ఫోన్ వచ్చింది.

"పరమేష్, చౌరస్తాల నీ ఫ్లెక్సీ జూసిన."

ఇది బాలేష్ పనేనని పరమేష్‌కు అర్థమైంది. నౌకరీ సంగతి తానే వచ్చి చెబుదామనుకున్నానని గొణిగాడు.

"నౌకరీ సంగతి గాదు. తొమ్మిదేండ్లు నా తాన జేసినవ్. నలభై ఆరు మందిని బెట్టినవ్. చాయ్ హోటలోడు గూడ ఉన్నడు. నా ఫోటో ఏది?"

మధ్యాహ్నానికల్లా కొత్త ఫ్లెక్సీ లేచింది. పైన చేతులు జోడించిన నారయ్య, కింద కుంచించుకుపోయిన నలభై ఆరుగురు. నారయ్య కారాపి రెండుసార్లు చూసుకుని, షట్టర్ తాళం తానే పరమేష్ చేతిలో పెట్టాడు. రాజీనామా గురించి అడగనే లేదు. అక్కడితో ఆగి ఉంటే అందరూ సుఖంగా ఉండేవారు.

కానీ నారయ్యకు హన్మంత్ అనే భాగస్వామి ఉన్నాడు. ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు, వ్యాపారం మాత్రం ఉంది. ఒకరి కబురు ఒకరికి చేరవేసింది ఇన్నాళ్ళూ పరమేషే. మంగళవారం పొద్దున్నే హన్మంత్ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"షట్టర్ల నాకు సగమున్నది. ఫ్లెక్సీల లేదా?"

మూడో ఫ్లెక్సీలో ఇద్దరి తలలూ స్కేలు పెట్టి కొలిచినట్టు సమానంగా వచ్చాయి. చోటు చాలక నలభై ఆరుగురినీ తీసేయాల్సి వచ్చింది. వాళ్ళంతా బాలేష్‌తో మాటలు మానేశారు. షాపు పేరు అక్షరాలు చీమల బారంత అయ్యాయి. పరమేష్ ఫోటో కింది మూలకు, బెత్తెడు చోటులోకి జరిగింది. పెళ్ళినాటి సూటులో ఉన్న ఆ ఫోటోను రమే ఏరికోరి ఇచ్చింది. ఇప్పుడు వెతుక్కుంటే గానీ కనబడలేదు. ఆమెకు నిజంగానే కడుపు మండింది.

"షాపు నీదా, ఆళ్ళదా?"

"షట్టర్ ఆళ్ళదే గదా, జర ఓపిక పట్టు," అన్నాడు పరమేష్.

బుధవారం ఊరంతా ఆ ఫ్లెక్సీ ముందు ఆగింది. ఎడమొహం పెడమొహంగా తిరిగే ఇద్దరు పక్కపక్కన చేతులు జోడించి నవ్వుతున్నారంటే, రాబోయే మున్సిపల్ ఎన్నికల్లో నిలబడుతున్నట్టే అని తేల్చుకుంది. కింద ఉన్న చీమల బారును ఎవరూ చదవలేదు. పది గంటలకు పోశమ్మ అనే ఆవిడ మురుగు పొంగే మోరీ గురించి నారయ్యకు మొరపెట్టుకుంది. తాను నిలబడటం లేదని ఆయన గట్టిగానే చెప్పాడు. వీధిదీపం గురించి వచ్చిన రెండో మనిషికి కొంచెం మెత్తగా చెప్పాడు. ఐదో మనిషి వచ్చేసరికి కాగితం తీసి రాసుకున్నాడు. సాయంత్రానికి ఎవరో శాలువా కప్పారు.

గురువారం ప్రారంభోత్సవానికి మూడు వందల మంది వచ్చారు. తన పనికి ఇంత పేరుందా అని పరమేష్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొత్త చీర కట్టుకున్న రమ చేయి పట్టుకుని ముందుకు నడిచాడు. నారయ్య, హన్మంత్ కత్తెరను చెరొకవైపు పట్టుకుని రిబ్బన్ కత్తిరించారు. తర్వాత నారయ్య మైకు అందుకుని, ప్రజల కోరిక కాదనలేక కౌన్సిలర్‌గా నిలబడుతున్నానని, ఈ షట్టరే తమ ఎన్నికల ఆఫీసని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి.

పరమేష్ జనాన్ని తోసుకుని దగ్గరికి వెళ్ళి తన దుకాణం సంగతేమిటని అడిగాడు. నారయ్య ఆప్యాయంగా భుజంమీద చెయ్యేశాడు.

"ఫికర్ జెయ్యకు. నీ కంప్యూటర్ గా మూలకు బెట్టుకో. దినాం నాలుగు ఫ్లెక్సీలు గావాలె. నువ్వు నౌకరీ ఇడ్సుడే మంచిగైంది. ఇన్నొద్దులు ప్లాట్లకాడ తిరిగి సగమే దొరికేటోనివి, ఇగ పొద్దంత నాకే దొరుకుతవ్."

సొంత వ్యాపారం మొదలుపెట్టిన ఆ రోజు మధ్యాహ్నం, భోజనానికి ఇంటికి పోయి రావచ్చా అని పరమేష్ నారయ్యను అడిగాడు.