ఉండనీ ఇంకో మీటరు

శనివారం మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు కారవాన్ ఎడారి క్యాంపుకు చేరాలి. అందులో వండిన బిర్యానీ అతిథుల ముందుండాలి. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అబూ ఫహద్ చెప్పింది అంతే. రియాద్‌లో, మలాజ్ పేటలోని ఆయన ఇంట్లో సర్దార్ డ్రైవరు, అతని భార్య ఫక్రున్నీసా వంటమనిషి. వేళకు చేరితే ఇద్దరికీ అరవై రోజుల సెలవు ఇస్తానని కూడా ఆయన మాటిచ్చాడు. రాయచోటిలో వాళ్ల కూతురు నౌషీన్ నిఖా ఉంది. నిజానికి ముప్పై రోజులు చాలు. కానీ అడిగినంతా ఇచ్చే యజమాని ఇంకా పుట్టలేదని సర్దార్ నమ్మకం, అందుకే రెట్టింపు అడిగాడు.

కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. లోపల వంటగది, మంచాలు. నెత్తిన ఏసీ పెట్టె. కొత్త బండి. ఆ పెట్టె ఏ వంతెనకైనా తగిలిందంటే సెలవు సంగతి దేవుడెరుగు. ఫోన్‌లో మ్యాపుకు బండి ఎత్తు తెలియదు కాబట్టి సర్దార్ ముందురోజే, దారి చూపే జీపీఎస్‌లు అమ్మే బాషా దుకాణానికి వెళ్లాడు.

"అది కార్లకు అన్నా, నీకు పనికిరాదు. ఇది పెద్ద బండ్లకు," అన్నాడు బాషా, సర్దార్ తీసిన జీపీఎస్ పక్కన పెట్టి ఇంకోటి చేతికిస్తూ. "ఎత్తు కొడితే సాలు, తగిలే వంతెన కిందికి నిన్ను పోనీదు. ఎంతుంటాది?"

ఫక్రున్నీసా ఇంటి దగ్గరే కుట్టుటేపుతో కొలిచి పంపింది, ఏసీ పెట్టెతో కలిపి సరిగ్గా మూడు మీటర్లు. ఎందుకైనా మంచిదని సర్దార్ నాలుగని చెప్పాడు.

"పైన డిష్ గిష్ పెడ్తే? ఉండనీ ఇంకో మీటరు," అని బాషా ఐదు కొట్టాడు.

పొద్దున బిర్యానీ దమ్‌లో పెట్టి ఫక్రున్నీసా ముందు సీట్లోకి వచ్చింది. తెరమీద ఐదు కనిపించింది. తన టేపు మీద ఆమెకు నమ్మకమే, మొగుడి డ్రైవింగు మీదే లేదు. పోయినేడు పార్కింగులో కఫీల్ కారు నెత్తి గీకిన మనిషి. అతను అద్దాలు తుడుస్తుండగా చప్పుడు లేకుండా ఆరు నొక్కింది.

ఆరు మీటర్ల బండికి రియాద్‌లో దారి దొరకడం కష్టం. మొదటి ఫ్లైఓవర్ దగ్గరే జీపీఎస్ కుడికి తిప్పింది. రింగు రోడ్డు ఎక్కనివ్వలేదు. గంటన్నర తర్వాత బండి ఒక దుకాణం ముందుకొచ్చింది.

"ఏమయ్యో, ఇది మన రొట్టెలంగడి కదా? పొద్దన ఈడ్నించే కదా బయల్దేరినాం?"

"ఊరుకో మే. మిషనది, మనకంటే దానికి బాగ తెలుసు."

కఫీల్ ఫోన్ చేశాడు. "పది నిమిషాలు సార్," అన్నాడు సర్దార్. జొహర్ దాటాక మళ్లీ చేశాడు. అప్పుడూ పది నిమిషాలే. ఆ మాట అనే సమయానికి జీపీఎస్ ఊరిమీద ఆశ వదులుకుని, సిమెంటు లారీల వెనక, ఒంటెల దొడ్ల పక్కగా ఎడారి చుట్టూ తిప్పుతోంది. కూతురి నిఖా వీడియో కాల్‌లో చూసుకోవాల్సిందేనని సర్దార్‌కు ఏడుపొచ్చింది.

సాయంత్రం అస్ర్ నమాజు వేళకు చేరారు. అతిథులు ఖర్జూరాలు తిని, గహ్వా కాఫీ తాగి వెళ్లిపోయారు. అబూ ఫహద్ కేకలు వేయలేదు. బండెక్కి తెర చూశాడు.

"నా బండి మూడు మీటర్లు. మిగతా మూడు ఎక్కడివి?"

"ఒకటి నాది సార్," అన్నాడు సర్దార్. "ఒకటి దుకాణం బాషాది."

అబూ ఫహద్ మూడో వేలు చూపించాడు.

"ఒకటి నాది," అంది ఫక్రున్నీసా తల వంచుకుని.

సర్దార్ నోరు తెరిచి భార్యను చూశాడు. అబూ ఫహద్ కడుపు పట్టుకుని నవ్వి, ఫోన్ తీశాడు. అందులో వీళ్ల సెలవు దరఖాస్తు ఉంది.

"ఆరు అంటే మీకు మూడు. మరి అరవై అంటే?"

"ముప్పై," అంది ఫక్రున్నీసా, ఆపుకోలేక. ఆయన అరవై చెరిపి ముప్పై కొట్టి, అక్కడికక్కడే సెలవు మంజూరు చేశాడు.

ముద్దయిన బిర్యానీ గిన్నె దించుతూ ఆమె మొగుడి చెవిలో చెప్పింది: "ముప్పై అంటే చుట్టాలందరూ పన్లు చెప్తారు. ఊరికి ఇరవై అనే చెప్పు."

సర్దార్ అప్పటికే పదిహేనని మెసేజ్ పెట్టేశాడు.