వాతావరణం కోడలు

ప్రతి ఇంట్లోనూ వాతావరణ మార్పుల మీద ఎమ్మెస్సీ చదివే కోడలు ఒకతె ఉండి తీరాలి! నవ్వకండి. నేను స్వయంగా అలాంటి కోడల్ని. పెళ్లయి నాలుగు నెలలే అయినా, రాజమండ్రిలో మా వీధికి నేను చేస్తున్న సేవ అంతా ఇంతా కాదు.

యూనివర్సిటీలో మేం చదివేది ఏమిటంటారా? వేల ఏళ్ల కిందట భూమి ఎలా వేడెక్కింది, ఎలా చల్లబడింది, ఇప్పుడెందుకింత తొందరగా కాగిపోతోంది అని. గొట్టం దింపి భూమిలోంచి బురద తీస్తాం. ఏ పొర ఏ కాలానిదో చూస్తాం. మన డెల్టాలో చాలా మేర ఒకప్పుడు సముద్రమేనని మా అత్తగారు మీనాకుమారి గారికి ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించారు.

"అప్పుడు స్థలం ఎవరి పేరున ఉండేదమ్మా?"

చూశారా! ఈ ప్రశ్న మా ప్రొఫెసర్‌కి కూడా తట్టలేదు.

చిక్కల్లా ఒక్క మాటతో వచ్చింది. రేపటి వానని ఇంగ్లీషులో వెదర్ అంటారు, వందల ఏళ్ల తీరుని క్లైమేట్ అంటారు. మనకి రెండూ వాతావరణమే! దాంతో వీధిలో నేను 'వాతావరణం కోడలు' అయిపోయాను. ఎదురింటి తలుపులమ్మ గారు పొద్దున్నే గేటు దగ్గర హాజరు.

"ఏమ్మా, ఇవాళ దుప్పట్లు తడపమంటావా, వద్దంటావా?"

పదివేల ఏళ్ల కిందటి వాన గురించైతే చెప్పగలనండీ! ఇవాళ్టిది సిలబస్‌లో లేదు. కానీ కొత్త కోడలు తెలియదంటే ఏం బాగుంటుంది? "తడపండి" అనేస్తాను.

అన్నట్టు, అకాల వర్షాలంటే నాకు మహా ఇష్టం. మా వారు నిరంజన్‌ది మా ఇంటి కిందే గొడుగులు, బరకాల దుకాణం. వాన పడితే నా కోసం బస్టాప్‌కి నడిచి వస్తారు. దుకాణం నిండా గొడుగులున్నా తెచ్చేది ఒక్కటే! రెండోది మర్చిపోయానంటారు. ఇప్పటికి ఆరుసార్లు మర్చిపోయారు. ఇంత మేలు చేసే వాతావరణ మార్పుని తిట్టడానికి మనసెలా వస్తుంది?

మొన్న ఫిబ్రవరిలో అత్తగారు నాకో పెద్ద బాధ్యత అప్పగించారు. "ఈసారి గుమ్మడి వడియాలు నువ్వు పెట్టమ్మా. ఏడాదికి సరిపోవాలి." కోడలిగా నా మొదటి పరీక్ష! డాబా నిండా పెట్టాను. మర్నాడు అందరం కడియంలో పెళ్లికి బయల్దేరుతుంటే ఆవిడ ఆగారు.

"వానేమైనా వస్తుందంటావా? కింద నుంచి ఓ బరకం తెప్పించి కప్పించనా?"

"ముప్పై ఏళ్ల సగటు చూస్తే ఫిబ్రవరిలో మనకి వాన దాదాపు ఉండదండీ."

నేను చెప్పింది సగటు. ఆవిడకి వినపడింది హామీ.

అక్కడ తలంబ్రాలు పోస్తుండగానే ఆకాశం విరిగిపడింది! ఇంటికొచ్చి చూస్తే కింద దుకాణంలో జిల్లా మొత్తం కప్పడానికి సరిపడా బరకాలు, పైన డాబా మీద గుమ్మడికాయ పులుసు.

తలుపులమ్మ గారు తడిసిన దుప్పట్లతో సహా వచ్చేశారు. "నువ్వు తడపమంటేనే కదమ్మా తడిపాను! ఇంతకీ ఏం చదువమ్మా అది?"

"పోనీలేమ్మా, గరిటెతో తోడుకుని తిందాం" అన్నారు మా వారు వాళ్లమ్మతో, నవ్వాపుకోలేక.

అత్తగారు మాత్రం నవ్వలేదు. నన్ను తిట్టనూ లేదు. "మా అత్తగారి రోజుల్నించీ ఈ నెల్లోనే పెడుతున్నాం. ఒక్కసారీ తడవలేదు. ఇప్పుడు ఏ నెలని నమ్మాలో తెలీట్లేదమ్మా" అన్నారు.

నాలుగు సెమిస్టర్ల సిలబస్ ఆవిడ మూడు ముక్కల్లో చెప్పేశారు!

అందుకే అంటున్నాను, ఇంటికో వాతావరణం కోడలు ఉండాలి. నెలల్ని ఇలా తారుమారు చేసినవాళ్లు ఏ దేశంలో, ఏ ఏసీ గదిలో కూర్చున్నారో మనకేం తెలుసు? వెళ్లి వాళ్ల గేటు ముందు నిలబడి "ఏంటండీ ఇది?" అని అడగ్గలమా?

కోడలైతే ఎదురింట్లోనే దొరుకుతుంది!