మా వీధికి అమావాస్య లేదు

మా వీధిలో రాత్రిని రద్దు చేసి రెండేళ్ళయింది. మీ వీధిలో ఇంకా ఉందా? పాపం!

ఈ పుణ్యమంతా ఒక పరుపుల కంపెనీది. మా ఎదురు భవనం మీద అది లారీ అంత పొడుగున ఓ లైట్ల బోర్డు నిలబెట్టింది. దాని మీద నిండు చంద్రుడు నవ్వుతుంటాడు. కింద ‘హాయిగా నిద్రపోండి’ అని రాసి ఉంటుంది. ఆ వెలుగులో మూడో అంతస్తులోని మా పడకగదిలో సూదిలోకి దారం ఎక్కించవచ్చు. మా ఆవిడ ఎక్కిస్తోంది కూడా. వేరే పనేముంది, నిద్ర ఎలాగూ పట్టదు.

మా మామగారికి తెల్లారగానే నడకకు వెళ్ళే అలవాటు. ఇప్పుడు ఆయనకు రోజుకు రెండుసార్లు తెల్లారుతోంది. రాత్రి రెండింటికే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరతారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, టైము చూపించి, నచ్చజెప్పి వెనక్కి పంపుతాడు. అసలు తెల్లవారాక మళ్ళీ వెళతారు. డెబ్బై దాటిన మనిషి చేత ఇంత వ్యాయామం ఏ డాక్టరు చేయించగలడు?

కాకుల సంగతి సరేసరి. అవి ఓవర్‌టైమ్ చేస్తున్నాయి.

ఈ సుఖం తెలియని రోజుల్లో నేనూ కంపెనీకి ఫిర్యాదు చేశాను, ఒప్పుకుంటున్నాను. మేనేజరు స్వయంగా వచ్చాడు. మా మంచం మీద కూర్చుని, కిటికీ వైపు చూసి, రెండుసార్లు ఎగిరి చూసి, లోపం వెలుగులో లేదు, మా పరుపులో ఉందని తేల్చాడు.

ఇంతలో మా అమ్మాయికి స్కూల్లో హోంవర్క్ ఇచ్చారు. అది రెండో క్లాసు. పౌర్ణమి మొదలు పదిహేను రోజులు చంద్రుణ్ణి చూసి బొమ్మ గీయాలట. మా కిటికీలో ఆకాశం ఉండాల్సిన చోట బోర్డే ఉంది. పిల్ల నిజాయితీగా చూసింది, నిజాయితీగా గీసింది. పదిహేను నిండు చంద్రుళ్ళు, పదిహేను నవ్వులు!

చంద్రుడు రోజురోజుకీ తగ్గాలి కదా అని టీచరు అడిగిందట. మా ఇంటి దగ్గర తగ్గడని ఇది చెప్పిందట. క్లాసంతా నవ్వింది. టీచరు పేజీ అడ్డంగా కొట్టేసి, మళ్ళీ గీసుకురమ్మంది.

ఆ సాయంత్రం పిల్ల బల్ల కింద దూరి, అన్నానికి పిలిచినా రాలేదు. ఫోన్‌లో చంద్రుడి బొమ్మలు బోలెడున్నాయి, చూసి దించెయ్యమని సలహా ఇచ్చాను.

“చూసి గీయమంది నాన్నా,” అంది లోపల్నుంచి. “నేను చూసే గీశాను.”

మొన్న సాయంత్రం ఈదురుగాలికి బోర్డు ఆరిపోయింది. వీధంతా ఒక్కసారిగా చీకటి. మా డాబా మీదికి మెట్లు లేవు. నిచ్చెన వేసి అందరం ఎక్కాం. నడినెత్తిన అర్ధచంద్రుడున్నాడు. పిల్ల మెడ నొప్పి పుట్టేదాకా చూసింది.

“నాన్నా, సగమే వెలుగుతోంది. ఎవరికి ఫోన్ చేస్తే బాగుచేస్తారు?”

ఇరవై ఏళ్ళుగా పత్రికలో కాలమ్ రాస్తున్న వాణ్ణి, మా ఆవిడ వైపు చూశాను. తనే పిల్లను దగ్గరకు తీసుకుని, అదేం పాడవలేదని, రోజూ కాస్త కాస్త పెరుగుతుందని చెప్పింది. పిల్ల పూర్తిగా నమ్మలేదు. రేపు కూడా చూపిస్తేనే నమ్ముతానంది. కానీ పెన్సిల్ తెచ్చుకుని సగం గీసింది. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఎంత నిద్రపోయామంటే, మామగారు తెల్లారాక కూడా లేవలేదు.

పొద్దున బోర్డు బాగుచేయడానికి మెకానిక్ వచ్చాడు. నిచ్చెన మరిచిపోయాడట. మా భవనం సెక్రటరీని నేనే కాబట్టి మా వాచ్‌మన్ అతణ్ణి నా దగ్గరికి పంపాడు. గంటసేపు ఇస్తే చాలు, సాయంత్రానికల్లా వీధి పట్టపగల్లా ఉంటుందని మెకానిక్ మాటిచ్చాడు.

ప్రగతికి సహకరించడం పౌరుడి బాధ్యత, కాదనను. రాత్రి లేకపోవడం ఎంత గొప్పదో ఇంతసేపూ మీకు చెప్పిందీ నేనే.

“నిచ్చెన ఉంది బాబూ,” అన్నాను. “పౌర్ణమి దాకా ఖాళీ లేదు.”